నవ్వడానికి నలుగురు కావాలి

జపాన్‌లోని యమగత ప్రాంతంలో 2024 జులైలో స్థానిక చట్టసభ ఓ చట్టం చేసింది. ప్రజలు రోజుకు ఒక్కసారైనా నవ్వాలి, ప్రతి నెలా ఎనిమిదో తేదీని నవ్వుతో ఆరోగ్యం పెంచుకునే రోజుగా పాటించాలి, పనిచేసే చోట నవ్వుకు వీలుండేలా యజమానులు చూసుకోవాలి అన్నది దాని సారాంశం. నవ్వనివాళ్లకు జరిమానా ఏమీ లేదులెండి. దేశదేశాల పత్రికలు దీన్ని వింత వార్తగా అచ్చేసి నవ్వుకున్నాయి. అక్కడి ప్రతిపక్ష సభ్యులు మాత్రం నవ్వలేదు. జబ్బు చేసి నవ్వలేని వాళ్ల మాటేమిటి, నవ్వాలో వద్దో తేల్చుకునే హక్కు మనిషికి లేదా అని నిలదీశారు. చట్టం తెచ్చినవాళ్ల దగ్గర ఓ ఆధారం ఉంది. యమగత విశ్వవిద్యాలయం వైద్యులు ఏటా ఆరోగ్య పరీక్షలకు వచ్చే నలభై ఏళ్లు దాటిన 17,152 మందిని కొన్నేళ్లపాటు గమనించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. వారానికి ఒకసారైనా గట్టిగా నవ్వేవాళ్లతో పోలిస్తే నెలకు ఒక్కసారి కూడా నవ్వనివాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి.

చిక్కంతా ఈ ‘కనిపించాయి’ దగ్గరే ఉంది. నవ్వబట్టి వాళ్లు ఆరోగ్యంగా ఉన్నారా, ఆరోగ్యంగా ఉండబట్టి నవ్వగలిగారా? మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని మనిషికి, పొద్దస్తమానం పలకరించే దిక్కులేని మనిషికి నవ్వే సందర్భం ఎక్కణ్ణుంచి వస్తుంది? వయసు, పొగతాగే అలవాటు లాంటివి లెక్కలోకి తీసుకుని సర్దినా ఈ అనుమానం పూర్తిగా తీరదు. నవ్వు వల్ల మేలు ఉందా అంటే ఉంది. అయితే మనం దాన్ని బీపీ రీడింగుల్లోనూ షుగర్ రిపోర్టుల్లోనూ వెతుకుతున్నాం. అక్కడ దొరికే సాక్ష్యం పల్చన. మనిషికీ మనిషికీ మధ్య వెతికితే దొరికేది చిక్కన. రోజువారీ జీవితంలో నవ్వు చేసే అసలు పని అక్కడే జరుగుతోంది, ఒంటికి జరిగే మేలు కూడా చాలావరకు ఆ దారినే వస్తోంది అన్నది ఈ కథనం వాదన.

ముందు వైద్యం వైపు నుంచి చూద్దాం. నవ్వు మందులా పనిచేస్తుందన్న నమ్మకానికి ఆధునిక కాలంలో ఊపిరిపోసింది నార్మన్ కజిన్స్ అనే అమెరికన్ సంపాదకుడు. వెన్నెముకను, కీళ్లను బిగదీసే తీవ్రమైన జబ్బుతో మంచాన పడిన ఆయన, పాత హాస్య చిత్రాలు వేయించుకుని చూస్తూ పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి తెలియకుండా నిద్రపట్టేదని 1976లో ఓ ప్రసిద్ధ వైద్య పత్రికలో రాశారు. ఆ వ్యాసం ప్రపంచమంతా తిరిగింది. అదే సమయంలో ఆయన సి విటమిన్‌ను పెద్ద మోతాదుల్లో తీసుకున్న సంగతి మాత్రం అంతగా తిరగలేదు. ఒక్క మనిషి అనుభవం ఎంత నిజాయితీగా చెప్పినా అది ఒక్క మనిషి అనుభవమే. ఆ తర్వాత ప్రయోగాలు కూడా జరిగాయి. ఇంటింటా షుగర్ ఉన్న మన పాఠకులకు పనికొచ్చేది 2003 నాటి జపాన్ ప్రయోగం. మధుమేహం ఉన్న 19 మందికి, లేని ఐదుగురికి ఒకే రకం భోజనం పెట్టి, ఒకరోజు చప్పటి ఉపన్యాసం వినిపించారు, మరుసటి రోజు హాస్య ప్రదర్శన చూపించారు. ఉపన్యాసం విన్నరోజు మధుమేహుల్లో భోజనం తర్వాత చక్కెర సగటున 123 మిల్లీగ్రాముల మేర పెరిగితే, నవ్విన రోజు ఆ పెరుగుదల 77 దగ్గరే ఆగింది. ముచ్చటైన ఫలితమే. కానీ ఉన్నది పాతిక మంది లోపు, చూసింది రెండు రోజులు. ఉపన్యాసం విసుగు వల్ల పెరిగిందా, నవ్వు వల్ల తగ్గిందా అన్నది కూడా తేలదు. హాస్యాన్ని జీవితమంతా పరిశోధించిన కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాడ్ మార్టిన్ 2001లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడపట్టి, నవ్వుకూ శరీర ఆరోగ్యానికీ నేరుగా సంబంధం ఉందనడానికి ఆధారాలు బలహీనంగా ఉన్నాయని తేల్చారు. నవ్వంటే పడనివాడు చెప్పిన మాట కాదు గనుక దీనికి విలువ ఎక్కువ.

అంతకన్నా ఇబ్బంది పెట్టే సాక్ష్యం ఇంకొకటి ఉంది. 1921లో కాలిఫోర్నియాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు పదిహేను వందల మంది తెలివైన పిల్లలను ఎంచుకుని వాళ్ల జీవితాలను నమోదు చేయడం మొదలుపెట్టారు. ఆ పిల్లలు ముసలివాళ్లయ్యాక, ఎవరు ఎంతకాలం బతికారో హోవర్డ్ ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకుడి బృందం లెక్కతీసి 1993లో ప్రకటించింది. చిన్నప్పుడు సరదాగా, హాస్యంగా ఉంటారని పేరుపడిన పిల్లలు మిగతావాళ్ల కన్నా కాస్త ముందే వెళ్లిపోయారు. ఎక్కువకాలం బతికింది ఒళ్లు దగ్గరపెట్టుకుని, పద్ధతిగా నడుచుకున్నవాళ్లు. సరదా మనుషులు పెద్దయ్యాక పొగ, మద్యం, సాహసాల వైపు కొంచెం ఎక్కువగా మొగ్గారట. ‘ఏమవుతుందిలే’ అని నవ్వేసే స్వభావానికి ఆ ఖర్చు కూడా ఉంది. నవ్వితే ఆయుష్షు పెరుగుతుందని గోడల మీద రాసేవాళ్లు ఈ లెక్కను కూడా పక్కన రాయాలి. 2013లో బ్రిటిష్ వైద్య పత్రిక క్రిస్మస్ సంచికలో ఇద్దరు వైద్యులు నవ్వు వల్ల కలిగే హాని జాబితా ఇచ్చారు. ఉబ్బసం తిరగబెట్టడం, స్పృహ తప్పడం, దవడ జారడం అందులో ఉన్నాయి. సగం వేళాకోళంగా రాసినా చూపిన కేసులు నిజమైనవే. ఇదంతా చెప్పింది నవ్వును తక్కువ చేయడానికి కాదు. మాత్రతో పోటీకి దింపితే నవ్వు ఓడిపోతుంది, దాని బలం వేరే చోట ఉంది కాబట్టి.

ఆ చోటు ఎక్కడో చూపించినవాడు రాబర్ట్ ప్రొవైన్. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ శాఖలో పనిచేసిన ఈ నాడీ శాస్త్రవేత్త జోకులు చెప్పి నవ్వించే ప్రయోగాలు మానేసి, మనుషులు నిజంగా ఎక్కడ నవ్వుతారో చూద్దామని విద్యార్థులను వెంటబెట్టుకుని బజార్లకూ క్యాంపస్ వీధులకూ వెళ్లారు. మామూలు సంభాషణల్లో వచ్చిన 1,200 నవ్వులను, వాటికి ముందు పలికిన మాటలను రాసుకున్నారు. 1993లో వెలువడిన ఫలితం చూసి ఆయనే ఆశ్చర్యపోయి ఉంటారు. ఆ మాటల్లో హాస్యమని చెప్పదగ్గవి నూటికి పదీ ఇరవై మధ్యలోనే ఉన్నాయి. మిగతావన్నీ ‘సరే, ఇక వెళ్తా’, ‘నువ్వన్నది నిజమే’ తరహా మాటలు. పైగా వినేవాళ్ల కన్నా మాట్లాడేవాళ్లే దాదాపు యాభై శాతం ఎక్కువగా నవ్వారు. మరో పరిశీలనలో, టీవీ గానీ పుస్తకం గానీ తోడు లేకుండా ఒంటరిగా ఉన్నప్పటి కన్నా పక్కన మనిషి ఉన్నప్పుడు ముప్ఫై రెట్లు ఎక్కువగా నవ్వుతామని తేలింది. వీధి అరుగు మీదో, టీకొట్టు దగ్గరో, అపార్ట్‌మెంట్ లిఫ్టులోనో జరిగే సంభాషణ ఒక్కటి చెవిన వేసుకుంటే చాలు, ప్రొవైన్ చెప్పింది ఎంత నిజమో తెలుస్తుంది. ‘ఏంటి గురూ, బొత్తిగా నల్లపూసైపోయావ్’ అంటే వచ్చే నవ్వులో జోకేమీ లేదు. నిన్ను చూసినందుకు సంతోషంగా ఉంది, మనిద్దరి మధ్యా అంతా బాగానే ఉంది అన్న కబురు మాత్రం ఉంది.

ఆ కబురు ఒంట్లో ఏం చేస్తుందో ఆక్స్‌ఫర్డ్ మానవశాస్త్రవేత్త రాబిన్ డన్బర్ చూపించారు. హాస్య దృశ్యాలు చూసి కలిసి నవ్వినవాళ్లు, చప్పటి డాక్యుమెంటరీ చూసినవాళ్ల కన్నా చలిని, బీపీ పట్టీ బిగింపును ఎక్కువసేపు ఓర్చుకోగలిగారని 2011లో ఆయన బృందం ప్రకటించింది. నొప్పిని అణిచే ఎండార్ఫిన్లు నవ్వినప్పుడు విడుదలవుతాయన్న ఊహకు ఇది పరోక్ష సాక్ష్యం. 2017లో ఫిన్లాండ్ పరిశోధకులతో కలిసి, స్నేహితులతో కూర్చుని నవ్విన పన్నెండు మంది మెదళ్లను స్కాన్ చేసి ఆ విడుదలకు నేరుగా ఆధారం చూపించారు. చిన్న ప్రయోగమే అయినా దాని వెనకున్న ఆలోచన పెద్దది. కోతులు గంటల తరబడి ఒకదానికొకటి పేలు చూసుకుంటూ చుట్టరికం నిలబెట్టుకుంటాయి. ఆ స్పర్శ కూడా ఇవే రసాయనాలను మేల్కొలుపుతుంది. కానీ ఒక కోతి ఒకేసారి ఒక కోతికే పేలు చూడగలదు. మనుషుల గుంపులు పెద్దవైనప్పుడు ముట్టుకోకుండానే ఇద్దరు ముగ్గురితో ఒకేసారి చుట్టరికం కలిపే సాధనం కావాల్సి వచ్చింది, అది నవ్వు అని డన్బర్ వాదన. 2016లో గ్రెగరీ బ్రయంట్ అనే పరిశోధకుడి బృందం 24 సమాజాలకు చెందిన 966 మందికి ఇద్దరు కలిసి నవ్విన ఒక్క సెకను శబ్దాన్ని వినిపించి, వాళ్లు స్నేహితులో అపరిచితులో చెప్పమంది. భాష తెలియకపోయినా, మనుషులు కనిపించకపోయినా నూటికి అరవై సార్ల దాకా సరిగ్గానే పోల్చుకున్నారు. గుడ్డిగా చెప్పినా యాభై వస్తాయి. అరవై పెద్ద మార్కులేం కావు గానీ, ఒక్క సెకను చప్పుడుకు అది గొప్పే.

ఈ సంగతి మన పెద్దలకు పరిశోధనలు లేకుండానే తెలుసు అనడం మనకు అలవాటు. ఆ అలవాటుకు లొంగకుండా, మన దగ్గర నిజంగా ఏముందో చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో పరాచికపు చుట్టరికాల గురించి ఓ వ్యాసం రాశారు. పెళ్లి వల్ల రెండు కుటుంబాలు కలుస్తాయి, కానీ వాటి మధ్య పోటీ, అనుమానం ఉంటాయి. ఆ ఒత్తిడిని దాటడానికి సమాజాలు రెండు దారులు పట్టాయన్నారు. కొందరితో అతి మర్యాద పాటించి దూరంగా ఉండటం ఒకటి, కొందరితో కోపం తెచ్చుకోకూడని వేళాకోళం ఆడటం రెండోది. ఆయన ఉదాహరణలు ఆఫ్రికావి, ఉత్తర అమెరికావి. అయినా తెలుగు ఇంటిని చూసి రాశారా అనిపిస్తుంది. అత్తగారి ముందు అల్లుడు కుర్చీ అంచున కూర్చుంటాడు, బావమరదళ్లు అదే హాల్లో ఎకసెక్కాలాడుకుంటారు. వరసైనవాళ్ల మాటకు అలగడం తప్పు. వియ్యపురాలి మీద పాటలు కట్టి పాడటం, పెళ్లికొడుకును బంతిలో ఆటపట్టించడం, బిందెలో ఉంగరం వేసి ఇద్దరి చేతా వెతికించడం, తలంబ్రాల పోటీ… ఇవన్నీ కాలక్షేపాలుగా కనిపిస్తాయి. నిన్నటిదాకా లాంఛనాల దగ్గర బిగుసుకుపోయిన రెండు పక్షాలకు ఇవాళ ఒకే మాటకు నవ్వే అవకాశం అక్కడే దొరికింది. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం మధ్యకు కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూసుకొచ్చేది రాత్రంతా కూర్చున్న ఊరిని ఒక్కటిగా ఉంచడానికే. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరికి అప్రస్తుత ప్రసంగం అప్పజెప్పారు. అవధాని ఏకాగ్రతను చెడగొట్టడం అతని పని. ఛందస్సు తెలియని ప్రేక్షకుడిని కూడా సభలో భాగం చేయడం అతను చేసే అసలు మేలు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. నవ్వు నాలుగు విధాల చేటు అన్నది కూడా ఈ జాతే కదా? అన్నది. ఊరికే అనలేదు కూడా. సుమతీ శతకంలో ఒక పద్యమంతా ఎవరి ముందు, ఎక్కడ నవ్వకూడదో చెప్పడానికే సరిపోయింది. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలు చేసి, పెదవి విప్పని స్మితాన్ని ఉత్తములకు, ఒళ్లు కదిలిపోయే అతిహసితాన్ని అధములకు కేటాయించాడు. ‘నవ్వే ఆడదాన్ని నమ్మకూడదు’ అనే సామెత ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. అన్నింటి కన్నా లోతైనది ‘లక్ష్మణదేవర నవ్వు’ అని తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకున్న కథ. పట్టాభిషేకం జరిగిన నిండు సభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. సభలో ప్రతి ఒక్కరూ, దేవతలు సహా, తమ లోపం గుర్తుచేసుకుని తమనే చూసి నవ్వాడనుకుంటారు. రాముడు కత్తి దూసేదాకా వస్తుంది. తీరా చూస్తే, పద్నాలుగేళ్లు తాను దూరం పెట్టిన నిద్రాదేవి అప్పుడే వచ్చి పలకరించినందుకు వచ్చిన నవ్వు అది. నవ్వు గురించి ఇంత సూక్ష్మంగా చెప్పిన కథ మరొకటి ఉంటుందా అని అనుమానం. కారణం పంచుకోని నవ్వు, పక్కవాళ్లను బయట నిలబెట్టిన నవ్వు సభనంతా దోషుల్ని చేస్తుంది. కాబట్టి సామెత మన వాదనకు ఎదురు నిలబడటం లేదు, దాన్నే రెండో వైపు నుంచి చెబుతోంది. కలిపే శక్తి ఉన్నదానికే విడగొట్టే శక్తి కూడా ఉంటుంది. ఏ ప్రభావం లేనిదానికి ఇన్ని నిషేధాలు ఎవరు పెడతారు?

ఆ నిషేధాలు ఎవరి మీద పడ్డాయన్నది మరో ప్రశ్న. సుమతీ శతకమైనా, నాట్యశాస్త్రమైనా, సామెతైనా చిన్నవాళ్లను, కింది మెట్టువాళ్లను, ఆడవాళ్లను నవ్వు ఆపుకోమన్నాయి తప్ప అధికారి జోకుకు కిందివాళ్లు నవ్వాల్సిన అవసరాన్ని ఎక్కడా ప్రశ్నించలేదు. ప్రొవైన్ లెక్కల్లోనూ ఆడవాళ్లు మగవాళ్లతో మాట్లాడేటప్పుడు ఎదుటి మగవాడి కన్నా రెట్టింపుకు పైగా నవ్వారు. నవ్వు ఎంత ఉందన్నది ఒక్కటే కొలిస్తే ఆఫీసులో పెద్దసారు గది అన్నింటి కన్నా ఆరోగ్యవంతమైన చోటు అని తేలుతుంది! ఆ గదిలోంచి బయటికొచ్చిన మొహాలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రాడ్ మార్టినే 2003లో సహచరులతో కలిసి హాస్యాన్ని నాలుగు తీరులుగా విడదీశారు. నలుగురినీ కలుపుకునేది, కష్టంలో తనను తాను నిలబెట్టుకునేది మేలు చేస్తాయి. ఎదుటివాణ్ణి గాయపరిచేది, నలుగురి మెప్పు కోసం తనను తానే కించపరచుకునేది కీడు చేస్తాయి. ఆంధ్రప్రదేశ్ 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చిందంటే, ‘సరదాకే కదా’ అన్న సాకు చాటున జరిగేది నేరమని రాష్ట్రం ఒప్పుకున్నట్టే. తేడా పోల్చుకోవడం కష్టమేమీ కాదు. వేళాకోళం పడినవాడు తిరిగి వేళాకోళం ఆడగలడా? బావమరదళ్ల మధ్య ఆడగలరు. సీనియర్, జూనియర్ల మధ్య ఆడలేరు. గురజాడ ‘కన్యాశుల్కం’ శతాబ్దం దాటినా నవ్విస్తోందంటే, అందులో నవ్వు ముసలి వరుల మీదకు, పిల్లల్ని అమ్ముకునే తండ్రుల మీదకు, అంటే చెల్లుబాటయ్యే మనుషుల మీదకు వెళ్లింది కనుక.

మరి పొద్దున్నే పార్కుల్లో చేతులెత్తి హాహా అని నవ్వే సంఘాల సంగతి? కృత్రిమం, నటన అని తీసిపారేయడం సులువు. 1995లో ముంబయిలో డాక్టర్ మదన్ కటారియా ఐదుగురితో మొదటి నవ్వుల క్లబ్బు పెట్టినప్పుడు జోకులతోనే మొదలుపెట్టారు. కొద్దిరోజుల్లోనే జోకుల సరుకు అయిపోయింది, మిగిలినవి కొందరిని నొప్పించేవి, మొరటువి. దాంతో జోకులు తీసేసి, ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకుంటూ ఉత్తినే నవ్వడం పెట్టారు. మొదట నటన, కాసేపటికి నిజం. ఆయనకు అవసరం నేర్పిన పాఠమే ప్రొవైన్ లెక్కల్లోనూ ఉంది, నవ్వుకు హాస్యం తప్పనిసరి కాదు. ఆ క్లబ్బులో పదవీ విరమణ చేసిన పెద్దమనిషికి దొరికే మేలు ఊపిరితిత్తుల వ్యాయామం వల్ల ఎంతో, ‘నిన్న రాలేదేం’ అని అడిగే నలుగురి వల్ల ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. నా అంచనా రెండోదే ఎక్కువ.

ఇదే కొలతతో ఫోను చూస్తే దాని లోటు తెలుస్తుంది. ఇన్ని కామెడీ క్లిప్పులు చేతిలో ఉన్న తరం ఇంతకు ముందు లేదు. బ్రహ్మానందం ముఖం లేని తెలుగు వాట్సాప్ గ్రూపు ఉండదు. కానీ ఒంటరిగా రీల్ చూసేవాడు చాలాసార్లు ముక్కుతో చిన్నగా గాలి వదిలి వేలితో పైకి తోసేస్తాడు. కళ్లల్లో నీళ్లు తిరిగే నవ్వు బొమ్మను పంపేవాడి మొహంలో ఒక్క కండరం కదలదు. అమెరికాలోని కొడుకుతో తల్లిదండ్రుల వీడియో కాల్ వేరు. అక్కడ ఇద్దరి నవ్వూ ఇద్దరికీ వినిపిస్తుంది. ఆఫీసు వీడియో సమావేశంలో అందరి మైకులూ మూసి ఉంటే, చెప్పినవాడి చమత్కారం నిశ్శబ్దంలో పడి చస్తుంది. సాంకేతికత మీద తప్పు వేయనక్కర్లేదు, నవ్వు తిరిగొచ్చే దారి ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

ఇంత చెప్పాక యమగత ప్రతిపక్షం ప్రశ్నకు జవాబివ్వాలి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లను, చావు జరిగిన ఇంటివాళ్లను ‘కాస్త నవ్వు, తేలికపడతావ్’ అనడం క్రూరత్వమే, అలాంటివాళ్లకు వైద్యుడు కావాలి, తోడు కావాలి. నవ్వును వ్యక్తి బాధ్యతగా మార్చి, నవ్వనివాడిదే తప్పన్నట్టు మాట్లాడే ప్రతి పోస్టరుకూ ఈ అభ్యంతరం వర్తిస్తుంది. నవ్వు నలుగురి మధ్య పుట్టేదైతే దాని బాధ్యత కూడా ఆ నలుగురిదే, అందులోనూ పెత్తనం ఉన్నవాళ్లది. కింది ఉద్యోగి తన మీద చిన్న విసురు విసిరినా నవ్వి ఊరుకోగల అధికారి, పిల్లలు తనను అనుకరిస్తుంటే చూసీ చూడనట్టు వెళ్లిపోయే మాస్టారు, కోడలు గట్టిగా నవ్వితే ఉలిక్కిపడని ఇల్లు… ఈ మూడూ ఏ చట్టమూ ఇవ్వలేనివి ఇస్తాయి. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు మానకండి, వాటి పని వాటిదే. ఇంట్లో వినికిడి తగ్గిన పెద్దవాళ్లుంటే మాత్రం ఒక్క పని చేయండి. అందరూ ఒక్కసారిగా నవ్వినప్పుడు వాళ్లు మొహాలు చూస్తూ ఉండిపోతారు, అడిగితే ‘ఏం లేదులే’ అని మనం తీసేస్తాం. చెవి మిషన్ పెట్టించాల్సి ఉంటే వాయిదా వేయకండి. ఈలోగా, ఎందుకు నవ్వారో వాళ్ల దగ్గరికెళ్లి మళ్లీ మొదట్నుంచీ, గట్టిగా చెప్పండి.